గాలి జోరుగా ఉన్నప్పుడు హాట్ ఎయిర్ బెలూన్ దింపడం: ఎర్ర తాడు ఎంత ఎత్తులో లాగాలి?

ప్రశ్న:
శిక్షణలో ఉన్నానండీ. ఇప్పటిదాకా 5 నాట్ల (గంటకు సుమారు 9 కి.మీ.) లోపు గాలిలోనే దింపాను. నేల దగ్గర 10–12 నాట్లు వీస్తుంటే, బెలూన్ నెత్తిన ఉన్న రంధ్రం తెరిచే ఎర్ర తాడు ఎప్పుడు లాగాలి? బుట్ట నేలకు తగిలాక కూడా అంతదూరం ఎందుకు ఈడ్చుకుపోతుంది?

జవాబు 1:
ముందు రెండోదానికి చెప్తాను. 3,000 ఘనపు మీటర్ల బెలూన్‌లో ఉన్న వేడిగాలే దాదాపు 2.8 టన్నులు. బుట్ట నేలకు రాసుకున్నా ఆ గాలి అదే ఊపులో ముందుకు పోతుంది. పైగా బుట్ట వేగం తగ్గగానే గుడ్డ తెరచాపైపోతుంది. వేగం 6 నుంచి 12 నాట్లకు పెరిగితే ఆపాల్సిన శక్తి నాలుగింతలు. అందుకే లోపలి గాలిని పైనుంచి ఎంత త్వరగా వదిలేస్తే అంత మంచిది.

మామూలు పారాచ్యూట్ వెంట్ (నెత్తిన రంధ్రాన్ని లోపలి నుంచి మూసి ఉంచే గుండ్రటి గుడ్డ) అయితే బుట్ట అడుగు నేలకు ఒకటి రెండు మీటర్లలో ఉండగా తాడు పూర్తిగా లాగండి. ఇంకా పైన లాగితే దబ్బున పడుతుంది. లాగాక గుడ్డ నేలకు ఒరిగేదాకా వదలొద్దు. వదిలితే వేడిగాలి తోపుకి పారాచ్యూట్ పైకి లేచి రంధ్రం మూసుకుంటుంది, మళ్లీ ఈడ్పు మొదలు. తోలు గ్లవ్స్ తప్పనిసరి. రాపిడ్ డిఫ్లేషన్ వెంట్ (గాలిని ఇంకా త్వరగా వదిలేసే రకం) ఉంటే దాన్ని తెరవాల్సిన ఎత్తు మీ మాన్యువల్‌లో చూసుకోండి. కొన్ని రకాలు గాల్లో తెరిస్తే మళ్లీ మూసుకోవు.

జవాబు 2:
పొలం ఎంపిక అంతకంటే ముఖ్యం. 12 నాట్లంటే సెకనుకు 6 మీటర్లు. గాలి పోయే దిశలో పొడవుగా, చివర కరెంటు తీగలు లేని పొలం చూసి, మొదటి మూడో వంతులోనే తాకించండి. గాలి వచ్చే వైపు చెట్ల వరస ఉంటే వేగం తగ్గుతుంది కానీ, చెట్లను ఆనుకుని దిగకండి. అక్కడ గాలి కిందికి సుడి తిరిగి బెలూన్‌ను ఒక్కసారిగా నొక్కేస్తుంది.

దిగడం ఖాయమయ్యాకే పైలట్ లైట్లు (బర్నర్‌ను అంటించే చిన్న మంటలు) ఆర్పి, సిలిండర్ వాల్వులు కట్టేయండి. తొందరపడి ముందే ఆర్పితే, అడ్డం ఏదైనా వచ్చినప్పుడు పైకి లేవడానికి బర్నర్ ఉండదు.

జవాబు 3:
ప్రయాణికుల సంగతి కూడా. టర్నింగ్ వెంట్లతో (బెలూన్‌ను పక్కకు తిప్పడానికి గాలి వదిలే పక్క రంధ్రాలు) బుట్ట పొడవు వైపు ముందుకొచ్చేలా తిప్పండి. అందరూ వెళ్లే దిశకు వీపు పెట్టి, ముందు గోడకు ఆనుకుని, మోకాళ్లు కొంచెం వంచి, లోపలి తాడు పిడులు రెండు చేతులా పట్టుకోవాలి. బుట్ట అంచు మీద వేళ్లు పెట్టనివ్వకండి, బుట్ట ఒరిగితే వాటి కింద నేలే ఉంటుంది. ఫోన్లు, కెమెరాలు ముందే లోపల పెట్టించండి. మీరు చెప్పేదాకా ఎవరూ దిగకూడదు. 80 కిలోల మనిషి దూకేస్తే, గాలి పూర్తిగా పోని బెలూన్ మళ్లీ లేస్తుంది.

ప్రశ్న అడిగినవారు:
చివర్లో తీగలు కనిపిస్తే?

జవాబు 2:
ఖచ్చితంగా దాటగలిగే ఎత్తుంటేనే బర్నర్ వేయండి. అనుమానంగా ఉంటే బర్నర్ జోలికి పోకుండా వెంట్ లాగి గబగబా కిందికి దించేయండి, వాల్వులు కట్టేయండి. తీగలకు గుడ్డ తగిలినా బతికే అవకాశం ఉంది. బుట్టో, బర్నరో, బుట్టను మోసే స్టీలు తాళ్లో తగిలితే ఆ అవకాశం చాలా తక్కువ.