షేర్డ్ డ్రైవ్‌కి యూజర్ కోటా పెట్టాను, అందరికీ సున్నా చూపిస్తోంది

ప్రశ్న (విజయనగరం)

అందరికీ నమస్తే. మాది చిన్న ఫొటో స్టూడియో. పెళ్లి వీడియోలు, ఆల్బమ్ డిజైన్ చేస్తాం. నాలుగు సిస్టంలు, వాటికో లినక్స్ సర్వర్. అందులో 8 టీబీ డిస్క్, ఎక్స్‌ఎఫ్‌ఎస్ (లినక్స్ ఫైల్ సిస్టం) ఫార్మాట్. ఫోల్డర్లని నెట్‌వర్క్‌లో పంచే సాంబా సాఫ్ట్‌వేర్ పెట్టాం కాబట్టి అందరికీ ఒకే డ్రైవ్‌గా కనిపిస్తుంది.

పైడితల్లమ్మ సిరిమానోత్సవం నాడు మూడు కెమెరాలతో తీశాం. రాత్రి కార్డులన్నీ సర్వర్‌లోకి కాపీ పెట్టి నేను ఇంటికి వెళ్లిపోయాను. మా డిజైనర్ అప్పటికింకా ఓ పెళ్లి ఆల్బమ్ మీదే కూర్చున్నాడు. అతను సేవ్ కొట్టే సమయానికి డిస్క్ నిండిపోయింది. ఫైలు సగంలో ఆగి, మళ్లీ తెరుచుకోలేదు. 38 పేజీల పని. రెండు రాత్రులు మేలుకుని మొదటినుంచీ చేశాం.

తర్వాత నలుగురికీ తలా 1.5 టీబీ యూజర్ కోటా (ఒక్కో యూజర్ ఎంత చోటు వాడొచ్చో చెప్పే హద్దు) పెట్టాను. రిపోర్ట్ తీస్తే నలుగురి పేర్ల ఎదుటా సున్నా! వాడకమంతా ‘స్టూడియో’ అనే ఒక్క యూజర్ మీద ఉంది. మళ్లీ పెళ్లిళ్ల సీజన్ వస్తోంది, టెన్షన్‌గా ఉంది.

జవాబు

మీ కోటా పాడవలేదు. ఫైలు ఎవరు చేశారన్నది దానికి అక్కర్లేదు, ఓనర్‌గా ఎవరి పేరుంటే వారి ఖాతాలో రాసుకుంటుంది. మీ సాంబా కాన్ఫిగ్ ఫైల్లో ‘ఫోర్స్ యూజర్’ అనే లైను ఉందేమో చూడండి. అదుంటే ఎవరు సేవ్ చేసినా ఓనర్ ‘స్టూడియో’యే అవుతాడు.

ఆ లైను మాత్రం తీసేయకండి. ఒక పెళ్లి మీద నలుగురు చెయ్యి వేసే చోట మనిషి పేరిట లెక్క ఎప్పటికీ కుదరదు. గ్రూప్ కోటా (ఫైలు ఏ యూజర్ల గుంపుదైతే ఆ గుంపు పేరిట లెక్క) కూడా నేను చెప్పను. వేరే ఫోల్డర్ నుంచి మూవ్ చేసిన ఫైలు తన పాత గ్రూపునే వెంట తెచ్చుకుంటుంది, లెక్క జారిపోతుంది. మీకు కావాల్సింది ఫోల్డర్‌కే పెట్టే కోటా. దాన్ని ప్రాజెక్ట్ కోటా అంటారు.

అందరిచేతా ఫైళ్లు మూయించి డిస్క్‌ని అన్‌మౌంట్ చేయండి, అంటే సిస్టం నుంచి విడదీయండి. ఎఫ్‌స్టాబ్‌లో (బూట్ అయ్యేటప్పుడు ఏ డిస్క్‌ని ఎలా తగిలించాలో రాసుండే ఫైలు) ఆ డిస్క్ లైనులో ‘పీఆర్‌జే‌కోటా’ ఆప్షన్ చేర్చి మళ్లీ మౌంట్ చేయండి. ఎక్స్‌ఎఫ్‌ఎస్‌లో అన్‌మౌంట్ చేయకుండా వట్టి రీమౌంట్ చేస్తే కోటా ఆన్ అవ్వదు, చాలామంది ఇక్కడే ఇరుక్కుంటారు. ఎఫ్‌స్టాబ్‌లో అక్షరం తప్పితే సర్వర్ సరిగ్గా బూట్ కాకపోవచ్చు. అందుకే మౌంట్ సవ్యంగా అయ్యిందని చూశాకే రీస్టార్ట్ జోలికి వెళ్లండి.

తర్వాత ఈటీసీ అనే సెట్టింగ్స్ ఫోల్డర్‌లో ‘ప్రాజెక్ట్స్’ ఫైల్లో ఒక్కో ఫోల్డర్‌కి ఒక్కో నంబరు, ‘ప్రాజ్‌ఐడీ’ ఫైల్లో ఆ నంబరుకో పేరు రాయండి. ఎక్స్‌ఎఫ్‌ఎస్ కోటా కమాండ్‌లో ‘ప్రాజెక్ట్’ సెటప్ ఒకసారి నడిపితే పాత ఫైళ్లకి కూడా ఆ నంబరు పడుతుంది. చివర్న ‘లిమిట్’తో ఒక్కో ఫోల్డర్‌కి హద్దు పెట్టండి.

లిమిట్లు రెండు. సాఫ్ట్ దాటితే పని ఆగదు, గడువు మొదలవుతుంది. మామూలుగా 7 రోజులు. ఆలోగా తగ్గించకపోతే అదే హార్డ్ అయిపోతుంది. హార్డ్ దగ్గర మాత్రం అక్కడికక్కడే ఆగిపోతుంది. మీ ఆల్బమ్‌కి జరిగింది మళ్లీ జరక్కూడదంటే కెమెరా కార్డులకి ఒక ఫోల్డర్, ఆల్బమ్‌లకి వేరే ఫోల్డర్. జాతర ఫుటేజీ ఎంత వచ్చినా దాని ఫోల్డర్‌లోనే ఆగాలి.

ఇంకో మాట. 8 టీబీ అని కొన్న డిస్క్ లినక్స్ లెక్కలో దాదాపు 7.3 వస్తుంది. నాలుగు ఫోల్డర్లకి తలా 2 ఇస్తే సిస్టం అడ్డు చెప్పదు, కానీ అంత చోటు లేదు. మొత్తం 6.5 దాటనివ్వకండి.

మరొకరు (శ్రీకాకుళం)

నేను ఓ కాలేజీ ల్యాబ్ చూసుకుంటాను. పిల్లల హోమ్ ఫోల్డర్లకైతే యూజర్ కోటాయే సుఖం, ఎవరి ఫైళ్లు వాళ్లవే కదా. కోటా పెట్టే ‘సెట్‌కోటా’ కమాండ్‌లో వట్టి అంకె రాస్తే అది కిలోబైట్ల లెక్క. నేను తెలీక 5000 అని కొట్టాను. 5 జీబీ అనుకున్నది 5 ఎంబీ అయి, మర్నాడు ప్రాక్టికల్ పరీక్షలో ఒక్కరి డెస్క్‌టాప్ కూడా తెరుచుకోలేదు. వరండాలో నిలబడ్డ ఆ పిల్లల మొహాలు ఇప్పటికీ గుర్తే. ముందు మీ పేరు మీద పెట్టి చూసుకోండి.

మా డిస్క్ ఫార్మాట్ ఎక్స్‌ఎఫ్‌ఎస్ కాదు, ఈఎక్స్‌టీ4. ప్రాజెక్ట్ కోటా దానికీ ఉందా?

జవాబు

ఉంది మేడం, 2016లో వచ్చిన లినక్స్ 4.5 కెర్నల్ నుంచి. డిస్క్ అన్‌మౌంట్‌లో ఉండగా ట్యూన్‌2ఎఫ్‌ఎస్ కమాండ్‌తో ఆ ఫీచర్ ఆన్ చేసుకోవాలి. పిల్లలకి ఫైళ్ల సంఖ్య మీద కూడా లిమిట్ పెట్టండి. ప్రోగ్రామింగ్ ప్యాకేజీలు వేలకొద్దీ చిన్న ఫైళ్లు దించుతాయి, సైజు తక్కువున్నా ఐనోడ్లు (ఒక్కో ఫైలుకి ఒకటి చొప్పున పట్టే నమోదులు) అయిపోతాయి.

అడిగినవారు

అన్నా, ఆదివారం కూర్చుని చేశాను. ఫోర్స్ యూజర్ లైను నిజంగానే ఉంది. కార్డులకి 3, ఆల్బమ్‌లకి 1.5, పూర్తయిన పనులకి 2. కార్డుల ఫోల్డర్‌లో కావాలని నింపి చూస్తే కాపీ ఆగింది, పక్కన ఆల్బమ్ హాయిగా సేవ్ అయింది. కానీ ‘డిస్క్‌లో చోటు లేదు’ అని వచ్చింది, కోటా మాటే లేదు. మావాళ్లు కంగారుపడ్డారు.

జవాబు

ఎక్స్‌ఎఫ్‌ఎస్ ప్రాజెక్ట్ కోటాలో మెసేజ్ అలాగే వస్తుంది, ముందే చెప్పి ఉంచండి. రోజూ పొద్దున్న రిపోర్ట్ తీసి మీకు మెయిల్ పంపేలా క్రాన్‌లో (వేళకి పనులు తనే నడిపే లినక్స్ సదుపాయం) ఒక లైను పెట్టుకోండి. సాఫ్ట్ దాటిన సంగతి సర్వర్ తనంతట తాను మీకు చెప్పదు. సాంబాలో రీసైకిల్ (డిలీట్ చేసినవి దాచి ఉంచే బుట్ట) ఆన్ చేసి ఉంటే డిలీట్ చేసినవి కూడా కోటాలోనే ఉంటాయి, అదీ ఖాళీ చేస్తుండండి.