సమస్యాపూరణము: "గుడ్డు పెరుగఁ బెరుగ గుడ్డు గాదు"

నిర్వాహకుడు: కవిమిత్రులకు నమస్సులు. ఈసారి సమస్య ఆటవెలది నాలుగవ పాదము. ఇందులోని 'గుడ్డు' కోడి పెట్టినది కాదు, ఇంగ్లీషు వ్యాకరణములోని విశేషణము. గుడ్, బెటర్, బెస్ట్ వంటి తారతమ్య రూపములను ఆధారము చేసుకొని పూరింపగలరు.

మొదటి పూరణము:

మొదట గుడ్డు, బెటరు వెనువెంట నడువంగ
బెస్టు తుదను నిలుచుఁ బేరు మాఱి
ఆంగ్ల పదపు నడక యరయ విచిత్రమౌ
గుడ్డు పెరుగఁ బెరుగ గుడ్డు గాదు

నిర్వాహకుడు: భావము సూటిగా ఉన్నది. అయితే మొదటి పాదములో 'మొ'కు 'వె'తో యతి (అక్షరమైత్రి) కుదరలేదు. 'ముందుకు నడువంగ' అంటే సరిపోతుంది. 'అరయ' పాదమును నింపడానికే వచ్చినట్లున్నది. 'పేరు మాఱి' అన్నది మాత్రము అసలు కీలకమును పట్టుకొన్నది, ఎందుకంటే బెటర్, బెస్ట్ అనేవి గుడ్ అనే ధాతువు నుండి పుట్టినవి కావు, వేరొక ధాతువుకు చెందిన రూపములు వచ్చి ఆ ఖాళీని నింపినవి. సంస్కృతములోనూ ఇదే జరిగినది: 'ప్రశస్య' శబ్దమునకు ఈయస్, ఇష్ఠ ప్రత్యయములు పరమైనప్పుడు 'శ్ర' ఆదేశముగా (దాని స్థానములో) వస్తుందని సూత్రించి, వాడుకలో ఉన్న శ్రేయస్సు, శ్రేష్ఠము అనే రూపములను వ్యాకరణకర్త పాణిని వివరించినాడు. ఇంగ్లీషులోని 'ఎస్ట్', మన 'ఇష్ఠ' ఒకే మూలము నుండి వచ్చిన ప్రత్యయములన్నది ఇక్కడ గుర్తు చేసుకోదగిన సంగతి.

రెండవ పూరణము:

మోరు మోస్టుఁ గూర్చి మురిసెఁ బొడుగు మాట
పొట్టి మాట తోఁకఁ బొందె నదిగొ
రెండు దారులందు రీతిగా నిమడక
గుడ్డు పెరుగఁ బెరుగ గుడ్డు గాదు

నిర్వాహకుడు: ప్రత్యయమును తోఁక అనడము ముచ్చటగా ఉన్నది. టాల్, టాలర్, టాలెస్ట్ అని పొట్టి మాటకు తోక మొలుస్తుంది. బ్యూటిఫుల్ వంటి పొడుగు మాట ముందు మోర్, మోస్ట్ నిలుస్తాయి. రెండక్షరముల మాటల సంగతి పద్యములో రాలేదు. హ్యాపీ వంటివి హ్యాపియర్, హ్యాపియెస్ట్ అని తోకనే కోరుతాయి, కేర్‌ఫుల్ వంటివి మోర్ వైపు మొగ్గుతాయి. నాలుగు పాదములలో ఇంత ఇరికించమనడము న్యాయము కాదు, కనుక దీనిని దోషముగా లెక్కించడము లేదు.

మూడవ పూరణము:

నేటి మాట కన్న నిన్నటి దది మోరు
బెటరటంచుఁ బలికె బిడ్డ యొకఁడు
గురువు నవ్వి చెప్పె గుణమున కతి చేటు
గుడ్డు పెరుగఁ బెరుగ గుడ్డు గాదు

నిర్వాహకుడు: సమస్యలోని రెండవ 'గుడ్డు'ను 'మంచిది' అనే అర్థములోనికి మలుపు త్రిప్పడము ఈ పూరణకు ప్రాణము. బెటర్‌లోనే ఆధిక్యము ఉన్నప్పుడు మోర్ చేర్చడము పునరుక్తి. తెలుగులో విశేషణము రూపము మారదు, 'కంటె', 'మరింత' వంటి మాటలే పోలికను మోస్తాయి కాబట్టి, 'మరింత మేలు' అనే అలవాటు మన పిల్లల నోట మోర్ బెటర్‌గా మారుతున్నదని నా అభిప్రాయము. నొక్కి చెప్పవలసి వస్తే మచ్ బెటర్, ఫార్ బెటర్ అనవచ్చును; వెరీ బెటర్ మాత్రము చెల్లదు.

రెండవ పూరణకర్త: ఆర్యా, చిన్న సందేహము. షేక్స్పియర్ జూలియస్ సీజర్ నాటకములో ఆంటోనీ చేత 'మోస్ట్ అన్‌కైండెస్ట్' అనిపించినాడు గదా! అది కూడా అతియేనా?

నిర్వాహకుడు: ఆ కాలపు ఇంగ్లీషులో అటువంటి ద్విరుక్తి చెల్లుబాటైనది, పైగా అక్కడ ఆంటోనీ ఆవేశమునకు అది తగినది. మనకూ యజుర్వేదము ఆరంభములోనే 'శ్రేష్ఠతమాయ కర్మణే' అని ఉన్నది. అతిశయమును తెలిపే ఇష్ఠము మీద అదే అర్థముగల తమము చేరినది. నేటి పరీక్షపత్రములో విద్యార్థి మోర్ బెటర్ అని వ్రాస్తే మాత్రము మార్కు పోవడము ఖాయము.

మొదటి పూరణకర్త: యతిదోషము చూపినందుకు ధన్యవాదములు. సవరించిన పాదము: 'మొదట గుడ్డు, బెటరు ముందుకు నడువంగ'. 'అరయ'కు బదులు ఇంకా దొరకలేదు.