అప్‌డేట్: చలిదేశంలో వయొలిన్ గరగర, కారణం దొరికింది

విజయనగరం సంగీత కళాశాలలో నేర్చుకుని పైచదువుకు జర్మనీ వచ్చాను. చలికాలం మొదలయ్యాక నా వయొలిన్ మంద్రస్థాయిలో గరగరమంటోందని, తీగలు బిగించే బిరడలు జారి శ్రుతి నిలవడం లేదని ఇక్కడ అడిగాను. సలహాలిచ్చిన అందరికీ ధన్యవాదాలు. సమస్య తీరింది.

"వేలి కణుపుతో అంచు చుట్టూ తట్టి చూడమ్మా" అన్న మాస్టారి మాటే దారి చూపింది. కింది అంచున ఒక్కచోట డొల్లగా పలికింది. వాద్యాలు బాగుచేసే ఆయన ఆ సందులోకి పల్చని కాగితం దూర్చి చూపించారు. పైపలక పక్కచెక్క నుంచి విడిపోయింది, అంతే. పలకను జంతువుల చర్మంతో చేసే జిగురుతో అతికేది అందుకేనట: చెక్క ముడుచుకుంటే పలక చీలకుండా ముందు అతుకే విడిపోవాలని. పాతకాలపు పనివాళ్ల ముందుచూపుకు చేతులెత్తి మొక్కాలనిపించింది. మళ్లీ అతికి ఇచ్చారు.

అసలు కారణం గది హీటరు. బయటి చల్లగాలిలో ఉండే తేమే తక్కువ; అది లోపల వేడెక్కితే మరీ పొడిబారుతుంది. సముద్రం దగ్గరి మన ఊళ్లో ఈ బెడద తెలియదు. ఇప్పుడు వయొలిన్ పెట్టెలో తేమనిచ్చే గొట్టం, గదిలో తేమ కొలిచే మీటరు పెట్టి 40 నుంచి 60 శాతం మధ్య ఉంచుతున్నాను. బిరడలు నిలుస్తున్నాయి.

తీగలు మార్చడం, తీగలను మోసే బ్రిడ్జి జరపడం పనిచేయలేదు. కర్ణాటక శ్రుతికి తగ్గించి కట్టడం వల్ల కూడా కాదు. పాశ్చాత్య శ్రుతికి పెంచినా గరగర పోలేదు. ఎవరికైనా ఇలా విడిపోతే ఇంట్లోని గట్టి జిగురు మాత్రం పూయకండి. తర్వాత విప్పబోతే చెక్కే చీలుతుంది.