సమస్యాపూరణం: ముద్దు పెట్టిన మగువయె పులిగ మారె

నిర్వాహకుడు: ఈ వారం సమస్య తేటగీతి పాదం. దీన్ని చివరి పాదంగా ఉంచి, ముందు మూడు పాదాలు మీరు కట్టాలి.

ముద్దు పెట్టిన మగువయె పులిగ మారె

వస్తువు కూడా నేనే ఇస్తున్నాను. 1982లో పాల్ ష్రేడర్ తీసిన 'క్యాట్ పీపుల్', దానికి మూలమైన 1942 నాటి అదే పేరు సినిమా. రెండింట్లో ఏది తీసుకున్నా సరే, రెండూ వదిలేసి తప్పించుకున్నా సరే. చూడనివాళ్ళకు రెండు ముక్కలు. ఐరీనా అనే అమ్మాయిది శాపం తగిలిన వంశం. మనసు పడిన మనిషితో కలిస్తే నల్ల చిరుతపులి అయిపోతుంది. కొత్త సినిమాలో ఇంకో మెలిక ఉంది, మళ్ళీ మనిషి కావాలంటే ఒక మనిషిని చంపాలి. శృంగారం కావాలి, బూతు వద్దు. ము-పు యతి (పాదం మొదటి అక్షరానికీ నాలుగో గణం మొదటి అక్షరానికీ ఉండాల్సిన పొంతన) చెల్లుతుందా అని అడగబోయేవారికి ముందే చెబుతున్నాను: ముకారానికి పు, ఫు, బు, భులతో మైత్రి ఉంది.

రాత్రిషో: బోణీ నాదే.

అన్న చెప్పిన కులగాథ నవలబెట్టి
జంతుశాలాధికారిపై చనువు పెంచి
రాత్రి కౌగిట నొదుగగ రగిలె కోర్కె
ముద్దు పెట్టిన మగువయె పులిగ మారె

లఘువు: గణాలు, యతులు బాగున్నాయి. కథంతా నాలుగు పాదాల్లో పట్టింది. కానీ మూడో పాదం దగ్గర వాక్యం తెగింది. 'నవలబెట్టి' (పక్కన పెట్టి), 'పెంచి' అన్న తర్వాత ఆమె చేసే పని రావాలి కదా, మధ్యలో కోర్కె వచ్చి కర్త కుర్చీలో కూర్చుంది. 'రగిలి కోర్కె' అంటే నాలుగో పాదం దాకా ఒకే ఊపున వెళ్తుంది.

రాత్రిషో: సవరించుకున్నాను, ధన్యవాదాలు. అన్న అంటే మాల్కమ్ మెక్‌డొవెల్ వేసిన పాత్ర. తమ జాతి వాళ్ళు తమలో తామే కలవాలి, బయటివాళ్ళతో కలిస్తే మృగాలవుతారు అని చెల్లెలికి చెప్పేది అతనే. ఆ సంగతి పద్యంలో విప్పి చెప్పడానికి నాకు చెయ్యి రాలేదు.

నిర్వాహకుడు: రాకపోవడమే మంచిదైంది. 'కులగాథ' అన్న మాట దగ్గర ఆపడంలో ఔచిత్యం ఉంది.

పాతరీలు: నాది 1942. అందులో సైకియాట్రిస్ట్ డాక్టర్ జడ్ ఉంటాడు. ఐరీనా భయమంతా మనసులోని రోగమే అంటాడు. వైద్యం చెయ్యాల్సినవాడు చివరికి ఆమె మీదే కన్నేస్తాడు. చేతికర్రలో కత్తి దాచుకు తిరిగే పెద్దమనిషి.

వైద్యుడొంటరి గదిలోన వాంఛ రేగి
శాపమన్నది కల యని చాటి నవ్వి
చేతికర్రలో కత్తిని చెంత నుంచి
ముద్దు పెట్టిన మగువయె పులిగ మారె

లఘువు: అద్భుతం. 'ముద్దు పెట్టిన మగువ' అంటే ముద్దు పెట్టింది ఆమె అనుకుని మేమంతా కొట్టుకుంటున్నాం. మీరు ముద్దును అతని చేత పెట్టించారు. సమస్య అక్కడే విడిపోయింది. కథకూ అదే నిజం, ఆ సినిమాలో ఆమె ఎవరినీ కోరి దగ్గరకు తీసుకోదు. పెళ్ళి చేసుకున్న భర్తనే గది బయట ఉంచుతుంది.

గోదారిగట్టు: అందుకే 1942 సినిమాకు 'ముద్దు పెట్టని మగువ' అనాలి. సమస్య ఇచ్చినవారు రెండక్షరాల తేడాలో మనల్ని 1982కు తోసేశారు.

పాతరీలు: ఇంకో మాట. ఆ పాత సినిమాయే ఒక సమస్యాపూరణం. ఆర్‌కేఓ స్టూడియో పెద్దలు నిర్మాత వాల్ లూటన్‌కు మొదట ఇచ్చింది కథ కాదు, పేరు. 'క్యాట్ పీపుల్', దీన్ని సినిమా చెయ్యి అన్నారు. పైగా ఛందస్సు కూడా వాళ్ళే పెట్టారు: ఖర్చు 1.5 లక్షల డాలర్లు దాటకూడదు, నిడివి 75 నిమిషాలు మించకూడదు. డబ్బు లేదు కాబట్టి వేరే సినిమాకు కట్టిన మెట్లదారి సెట్టు వాడుకున్నారు. మృగాన్ని చూపించే స్తోమత లేదు కాబట్టి చీకటిని చూపించారు. దర్శకుడు జాక్ టూర్నర్, ఛాయాగ్రాహకుడు నికొలస్ ముసురాకా కలిసి ఆ ఇరుకులోంచే భయం పుట్టించారు. రాత్రి ఖాళీ రోడ్డు మీద ఒకమ్మాయి నడుస్తుంటుంది, వెనక అడుగుల చప్పుడు వినబడి ఆగిపోతుంది. మనం మృగం అరుపు కోసం చెవులు రిక్కించిన క్షణాన బస్సు బుస్సుమంటూ వచ్చి ఆగుతుంది. ఆ ఎత్తుగడకు తర్వాత 'లూటన్ బస్' అనే పేరే పడింది.

మరి 1982 వాళ్ళకు ఏ పాదమూ కట్టడి కాలేదు. యూనివర్సల్ డబ్బుంది, మేకప్ కళ ఎదిగింది, సెన్సారు సడలింది. అప్పటికే పూరించిన పద్యాన్ని మళ్ళీ పూరించడమే వాళ్ళ కష్టం.

రాత్రిషో: ఒప్పుకోను. కట్టడి ఉంటేనే కళ అనేది ఓడినవాళ్ళు చెప్పుకునే మాట. 1942లో కామం గురించి ఎవరూ నోరు విప్పలేరు కాబట్టి నీడల్లో దాచారు. 1982లో ఐరీనాగా వేసిన నస్తాస్యా కిన్‌స్కీ ముఖంలో కోరికా భయమూ ఒకేసారి కనబడతాయి. పాత సినిమా మృగాన్ని దాచింది సరే, ఆడదాని కోరికనూ దాచేసింది కదా!

గోదారిగట్టు: ఈ గొడవలోకి నేను రాను. నాది పాత సినిమాలోని ఈతకొలను దృశ్యం.

ఈత కొలనున నొంటిగా నింతి యుండ
గోడమీదను నీడలు కులుకులాడె
చీకటిని జూచి బెదిరిన చెలియ కంట
ముద్దు పెట్టిన మగువయె పులిగ మారె

లఘువు: మొదటి మూడు పాదాలు చదువుతుంటే నీళ్ళ వెలుగు గోడ మీద కదిలినట్టే ఉంది. నాలుగో పాదంలో ముద్దు ఎక్కడి నుంచి ఊడిపడింది? ఎవరు ఎవరికి పెట్టారు? ఇది కిట్టింపు, అంటే బలవంతపు అతుకు. దృశ్యం బాగుంది కదా అని సమస్యను బుజ్జగించి ఒప్పించలేం.

గోదారిగట్టు: నిజమే. ఆ కొలనులో ఉన్న అమ్మాయికీ ఐరీనాకూ మధ్య ఉన్నది ముద్దు కాదు, ఒకే మగవాడు. దాన్ని ఇరికించడానికి చోటు లేక వదిలేశాను.

నిర్వాహకుడు: ఈ దృశ్యాన్ని కొత్త సినిమాలోనూ మళ్ళీ తీశారు. కొన్ని చోట్ల ష్రేడర్ పాత పాదాన్ని యథాతథంగా ఉంచేశాడు. గోదారిగట్టు గారి పద్యానికి మూడో పాదం ఎవరైనా కడతారేమో చూద్దాం.

కొత్తచిగురు: నమస్కారం. తేటగీతి రాయడం ఈ మధ్యనే మొదలుపెట్టాను. దయచేసి తప్పులు చెప్పండి.

పాత కథనె కొత్తగ తీసి పెద్ద చేసె
ఊరు మార్చెను, పాటయు నొకటి చేర్చె
దాచి పెట్టిన దెల్లను తడిమి చూపె
ముద్దు పెట్టిన మగువయె పులిగ మారె

లఘువు: మొదటి పాదంలో యతి తప్పింది. 'పా'కు 'పె' చెల్లదు, ఆకారానికి ఎకారంతో మైత్రి లేదు. 'పాత కథనె కొత్తగ తీసి పదును పెట్టె' అంటే సరిపోతుంది. నగణం మీద గురువు (మూడు పొట్టి అక్షరాల తర్వాత ఒక పొడుగుది), ఆ వెంటనే సలం (పొట్టి, పొట్టి, పొడుగు, పొట్టి), నడక కాస్త బరువుగా ఉన్నా దోషం లేదు. ఇక మూడో పాదం! 'తడిమి చూపె' అన్న మాటలో మొత్తం రీమేక్ మీద విమర్శ ఉంది. ఇన్ని పూరణల్లో నాకు అసూయ కలిగించిన పాదం ఇదొక్కటే.

పాతరీలు: ఊరు మార్చడం అంటే న్యూయార్క్ నుంచి న్యూ ఆర్లియన్స్‌కు. అది ఊరికే చేసిన మార్పు కాదు. ఉక్కబోత, పాత ఇళ్ళు, ఇనుప అల్లికల బాల్కనీలు, చర్చి గంటలు, ఒంటి మీద బట్ట బరువనిపించే గాలి. ఆ కథకు ఆ ఊరు కావాలి. పాట జార్జియో మొరోడర్ బాణీ, డేవిడ్ బోవీ మాటలూ గొంతూ.

రాత్రిషో: అమ్మయ్య, పాతరీలు గారు రీమేక్‌ను ఒక్క వాక్యమైనా మెచ్చుకున్నారు.

కత్తెర: నేను తెర వెనక నుంచి వస్తాను. అందులో చాలాచోట్ల కనిపించే నల్ల చిరుత అసలు చిరుతే కాదు. చిరుత చెప్పినమాట వినే జంతువు కాదని, మచ్చికైన ప్యూమాలకు (అమెరికా కొండపులులకు) నల్లరంగు వేసి వాడారు.

పూమ మేనికి నలుపును పూసి చూపె
కెమెర కత్తెర కలిసిన కిటుకు గాదె
తెరను నమ్మిన కన్నుల దిగులు నిండ
ముద్దు పెట్టిన మగువయె పులిగ మారె

లఘువు: ప్యూమాను 'పూమ', కెమెరాను 'కెమెర' చేశారు. పరభాషా పదాలు కాబట్టి చూసీచూడనట్టు పోతాను. భావం కొత్తది. రెండో పాదంలో కిటుకు అని తేల్చేసి మూడో పాదంలో మళ్ళీ భయపెట్టడం నచ్చింది.

ముత్యాలు: సినిమా చూడలేదు, చూసే ధైర్యమూ లేదు. మా ఊళ్ళో దసరాకు పులివేషాలు కడతారు. అందులోంచి ఒకటి.

దసర పులివేషమున నున్న తనయు బుగ్గ
తడిగ నుండగ రంగులు తల్లి చేర
అచ్చు వేసిన చందాన నంటె చార
ముద్దు పెట్టిన మగువయె పులిగ మారె

గోదారిగట్టు: హహ! శాపం లేదు, చీకటి లేదు, పులి అయిపోయింది.

నిర్వాహకుడు: సమస్యను విడగొట్టడమే కొలమానమైతే పాతరీలు గారి పక్కన పెట్టాల్సిన పూరణ ఇది. ముద్దు వల్లే పులి అయింది. రెండూ విడదీయలేనట్టు అతుక్కున్నాయి. వస్తువును మాత్రం హాయిగా ఎగ్గొట్టారు.

లఘువు: మన దగ్గరా దగ్గరి కథ ఒకటుంది. ఆదిపర్వంలో కిందముడు భార్యతో కలిసి జింకల రూపంలో క్రీడిస్తుంటే పాండురాజు బాణం వేస్తాడు. ముని శాపం: నువ్వూ భార్యను చేరిన క్షణంలో చస్తావు. ఆ తర్వాత మాద్రి దగ్గర అదే జరుగుతుంది. కోరిక తీరడం, చావు రావడం ఒకే గడియలో జరగాలన్న ఊహ అక్కడా ఇక్కడా ఒకటే. తేడా ఏమిటంటే మన ముని మృగరూపం ఇష్టపడి తీసుకున్నాడు. ఐరీనాకు ఆ ఎంపిక లేదు.

రాత్రిషో: ఉంది! 1982 ముగింపు చూడండి. మళ్ళీ మనిషిగా బతకడం ఇక వద్దు, నన్ను నా వాళ్ళలోకి పంపెయ్యి అని అడిగేది ఆమే. ఆమె ప్రేమించిన జూ అధికారి ఆమెను మంచానికి కట్టి కలుస్తాడు, ఆమె చిరుత అవుతుంది. తర్వాత జూలో బోను బయట నిలబడి తినిపిస్తాడు. దాని మీద ఇంకొకటి రాశాను.

బోను కమ్ముల నడుమను బువ్వ పెట్టి
మెడను నిమిరెడి వానికే మెరసె గతము
కట్టి మంచపు కోళ్ళకు కలిసినంత
ముద్దు పెట్టిన మగువయె పులిగ మారె

లఘువు: అన్వయం ఎక్కడా తడబడలేదు. మీ మొదటి పూరణకూ దీనికీ పోలికే లేదు. ఒక్క 'బువ్వ' దగ్గర ఆగాను. చిరుతకు పెట్టేది మాంసం కదా, పసిపిల్లల మాట ఎందుకు?

రాత్రిషో: అతని కళ్ళకు ఆమె ఇంకా చిరుత కాలేదు కాబట్టి.

పాతరీలు: 'బువ్వ' మార్చకండి. అయితే మీరు చెప్పిన ఎంపిక సంగతి మాత్రం నాకు ఎక్కలేదు. పంపెయ్యమని అడిగింది ఆమే, బోను తాళం మాత్రం అతని దగ్గరుంది. అతను ఆమెను దాచుకున్నాడు, ఆమె తన వాళ్ళలోకి పోనేలేదు.

రాత్రిషో: అది నా పద్యంలో తప్పా, సినిమాలో తప్పా?

పాతరీలు: సినిమాలో. పద్యంలో 'వానికే మెరసె గతము' అన్నారు, ఆమెకు ఏం మెరిసిందో చెప్పలేదు. ఆ పక్క నుంచి ఒక పూరణ రాయండి.

నిర్వాహకుడు: గడువు ఆదివారం రాత్రి దాకా పొడిగిస్తున్నాను. ఐరీనా మాటగా రాసేవారు 'ముద్దు పెట్టిన మగువయె' అన్నది ఆమె నోట ఎలా పలుకుతుందో చూసుకోండి, పాదంలో అక్షరం మారకూడదు.