కాజీపేట చుట్టుపక్కల పరిశ్రమలకు మూలం జంక్షనా, బొగ్గా?

రైలుకట్ట:
సికింద్రాబాదు నుంచి బెజవాడ దాకా నిజాం రైలు మార్గం 1889లో పూర్తయినా, ఆ తర్వాత నలభై ఏళ్లపాటు కాజీపేట దారిలో వచ్చే ఒక స్టేషను మాత్రమే. 1929లో ఉత్తరాన మహారాష్ట్రలోని బల్లార్షా నుంచి మార్గం వచ్చి కలిశాకే అది జంక్షనయింది, ఢిల్లీ–మద్రాసు బండ్లకు నేరు దారి దొరికింది. 1934లో వరంగల్లులో అజంజాహీ బట్టల మిల్లు, మరికొన్నేళ్లకు సిర్పూరు కాగితం మిల్లు వచ్చాయి. ఈ వరుస చూశాక కూడా పరిశ్రమలను తెచ్చింది జంక్షను కాదని ఎలా అంటారు?

బొగ్గుబావి:
మీరు కథను సగంలో మొదలుపెట్టారు. ఇల్లెందు ప్రాంతంలో భూగర్భ శాస్త్రవేత్త విలియం కింగ్ బొగ్గును గుర్తించింది 1870ల తొలినాళ్లలో. ఆ బొగ్గును బయటికి తేవడానికే డోర్నకల్ నుంచి శాఖామార్గం వేశారు. బల్లార్షా మార్గం సైతం బెల్లంపల్లి గనుల మీదుగానే పోతుంది. సిర్పూరు మిల్లుకు ఆదిలాబాదు అడవుల వెదురు, పక్కనే బొగ్గు ఉన్నాయి. కాజీపేట దానికి వంద కిలోమీటర్లకు పైగా దూరం. ఇక అజంజాహీ మిల్లు పత్తి పండే నేలలో నిజాం ప్రభుత్వం పూనుకొని పెట్టినది. వీటిలో జంక్షను చేసిన పనేమిటో చూపండి.

మానుకోట:
డోర్నకల్ కాజీపేట కంటే ఎంతో ముందే జంక్షనయింది కదా. అక్కడ అజంజాహీ వంటి మిల్లు ఎందుకు రాలేదు?

రైలుకట్ట:
డోర్నకల్ శాఖ గనుల దిక్కుకే పోయేది, కాజీపేట శాఖ ఉత్తర భారతానికి దారి తెరిచింది. రెండింటినీ ఒకే గాటన కట్టడం సరికాదు. 1929కి ముందు ఈ ప్రాంతంలో అంత పెద్ద మిల్లు ఒక్కటి చూపించండి, నా వాదన వదులుకుంటాను. మిల్లు గేటులోపలికి సైడింగు, అంటే అసలు మార్గం నుంచి చీలి వచ్చే పట్టా ఉంటేనే దూది బేళ్లు, బొగ్గు, యంత్రాల విడిభాగాలు ఎడ్లబండి అవసరం లేకుండా గోదాము ముందే దిగుతాయి.

బొగ్గుబావి:
సైడింగుకు జంక్షను అక్కరలేదు, మామూలు స్టేషను చాలు. వరంగల్లుకు రైలు 1880లలోనే వచ్చింది. మీరు 1929ని పట్టుకొని వేలాడుతున్నారు.

లోకోషెడ్డు:
మీ ఇద్దరి మాటల్లో మిల్లులున్నాయి, సంవత్సరాలున్నాయి, మనుషులు లేరు. ఆవిరి ఇంజిన్ల కాలంలో షెడ్డులో మా నాన్నగారు బొగ్గు తట్టలు నెత్తిన పెట్టుకొని, చెక్క నిచ్చెన ఎక్కి, ఇంజిను వెనుక బొగ్గు నింపే టెండరులో పోసేవారు. ఎండలో ఇనుము కాలుతుంటే తడిపిన గోనెపట్టా భుజాన వేసుకొనేవారు. డీజిలు ఇంజిన్లు వచ్చాక ఆయనను పనిలోకి తీసుకున్న గుత్తేదారు ఒక్క మాటతో వెళ్లిపొమ్మన్నాడు, బాకీ కూలి ఇవ్వలేదు. జంక్షను పరిశ్రమలను తెచ్చిందో లేదో గాని, ఆ పరిశ్రమలను మోసినవారి గురించి ఇక్కడ ఒక్క వాక్యమూ రాలేదు.

రైలుకట్ట:
మీ బాధ నిజమే, కాని అది ఈ ప్రశ్నకు సాక్ష్యం కాదు.

లోకోషెడ్డు:
సాక్ష్యం కాదని తేల్చడానికి మీరెవరండీ? జంక్షను చరిత్రంటే పట్టాలు కలిసిన తేదీ ఒక్కటేనా?

బొగ్గుబావి:
రైలుకట్ట గారూ, అసలు మాట అడుగుతున్నాను. జంక్షనే పరిశ్రమలను తెచ్చిందని ఇంత పట్టుదలగా నిలబెట్టడం దేనికి? 1980లలో కాజీపేటకు వస్తుందని ఆశపడ్డ కోచ్ ఫ్యాక్టరీ పంజాబులోని కపూర్తలాకు పోయినందుకు కాదా?

రైలుకట్ట:
అవును, అందుకే. జంక్షనున్న చోట పరిశ్రమ పెట్టడం దయతో ఇచ్చేది కాదు, న్యాయంగా దక్కవలసినదని చరిత్రతో నిరూపించకపోతే మన మాట ఎవరు వింటారు? దశాబ్దాలు ఎదురుచూశాక, 2023 జూలైలో గాని కాజీపేటలో రైల్వే తయారీ యూనిట్‌కు శంకుస్థాపన జరగలేదు.

బొగ్గుబావి:
మీ చరిత్ర ప్రకారమైతే హక్కు పట్టాలు కలిసిన ఊరికే చెందుతుంది. ఆ పట్టాల మీద నడిచిన బొగ్గును తవ్విన ఇల్లెందు, బెల్లంపల్లి పాత గనులు చాలావరకు మూతపడ్డాక అక్కడి పిల్లలకు ఏ హక్కూ లేదన్నమాట. నేను మొదటి నుంచీ ఒప్పుకోనిది దీన్నే.

లోకోషెడ్డు:
అయితే ఆ యూనిట్‌లో ఉద్యోగాలు మొదట ఎవరికి ఇవ్వాలో ఇద్దరూ సూటిగా రాయండి. షెడ్డు కూలీల పిల్లల పేరు ఆ జాబితాలో ఎక్కడ ఉంటుందో కూడా రాయండి.