‘తేడా లేదని తేలింది’, ‘తేడా ఉందని తేలలేదు’: రెండూ ఒకటేనా?

కొత్త మందుల మీద వచ్చే వార్తల్లో తరచూ ఒక వాక్యం కనబడుతుంది: "ఈ మందుకూ ఉత్తుత్తి మాత్రకూ తేడా లేదని తేలింది." పరిశోధకులు తేల్చింది చాలాసార్లు అది కాదు, "తేడా ఉందని తేలలేదు" అని మాత్రమే. మొదటి వాక్యం బల్లగుద్ది చెప్పిన తీర్పు. రెండోది, చేతిలో ఉన్న ఆధారం చాలలేదనడం.

ఈ పొరపాటుకు మన వాడుకే దారి ఇస్తోందని నా అభిప్రాయం. "వాడు వస్తాడనుకోను" అన్నా, "రాడనుకుంటున్నా" అన్నా మనకు ఒకటే. ‘అనుకోవడం’ దగ్గర చెల్లిన ఈ వెసులుబాటు ‘తేలడం’ దగ్గర చెల్లదు.

గణాంక శాస్త్రవేత్త రొనాల్డ్ ఫిషర్ 1935 నాటి తన పుస్తకంలో ఇచ్చిన టీ పరీక్షే చూడండి. కప్పులో ముందు పాలు పోశారో, ముందు డికాషన్ పోశారో రుచి చూసి చెప్పేస్తానంటుంది ఒకావిడ. ఎనిమిది కప్పులు, ఒక్కో రకం నాలుగేసి, కలగాపులగంగా ఇస్తారు. పాలు ముందు పోసిన నాలుగూ ఆవిడ ఏరాలి. ఆవిడకు ఆ నేర్పు లేదనే అనుకుని మొదలుపెడతాం. ఇలా ‘ఏమీ లేదు’ అని ముందు పెట్టుకునే ఊహనే శూన్య పరికల్పన అంటారు. ఎనిమిదిలోంచి నాలుగు ఏరడానికి 70 దారులున్నాయి. కాబట్టి గుడ్డిగా ఏరినా నాలుగూ సరిపోయే అవకాశం 70లో 1, అంటే సుమారు 1.4 శాతం. ‘ఇది ఉత్త అదృష్టం కాదులే’ అనుకోవడానికి పరిశోధకులు అలవాటుగా గీసుకునే 5 శాతం గీతకు ఇది కిందే ఉంది. నాలుగూ సరిగ్గా ఏరితే, నేర్పు లేదన్న మన ఊహను వదులుకోవచ్చు.

మూడు సరిపోయి ఒకటి తప్పిందనుకోండి. గుడ్డిగా ఏరినా మూడో, అంతకన్నా ఎక్కువో సరిపోయే అవకాశం 70లో 17, దాదాపు 24 శాతం. ఇక్కడ "నేర్పు ఉందని తేలలేదు" అనాలి. "నేర్పు లేదని తేలింది" అంటే ఆవిడకు అన్యాయం చేసినట్టే! ఎనిమిది కప్పుల్లో ఒక్క పొరపాటుకూ చోటు లేదు. ఇంకా ఎక్కువ కప్పులు పెట్టి ఉంటే ఆ నేర్పు బయటపడేదేమో. శూన్య పరికల్పన ఎన్నడూ రుజువు కాదనీ, వీగిపోతే వీగిపోవచ్చనీ ఫిషర్ అక్కడే చెప్పాడు.

అందుకే వార్తలో "తేడా కనబడలేదు" అని రాసి, ఎంతమంది మీద చూశారో పక్కనే చెప్పడం మేలంటాను.

వ్యాఖ్య: బావుందండీ. మరి నాలుగూ సరిగ్గా ఏరితే, ఆవిడకు నేర్పు లేకపోయే అవకాశం 1.4 శాతమేనన్నమాట?

జవాబు: కాదండీ. ‘తే’ ఎక్కడ చేరిందో చూడండి. "నేర్పు లేకపోతే, నాలుగూ సరిపోయే అవకాశం" 1.4 శాతం. మీరు దాన్ని "నాలుగూ సరిపోతే, నేర్పు లేకపోయే అవకాశం"గా తిరగేశారు. ఆ రెండో లెక్క కట్టాలంటే, అలాంటి నేర్పు మనుషుల్లో ఎంత అరుదో ముందే ఒక అంచనా ఉండాలి. ఈ ఎనిమిది కప్పులు ఆ సంగతి చెప్పవు.