తుఫాను సాయం వీడియోల్లో ముఖాలు చూపాలా, వద్దా? ఒడిశాలోని పర్లాకిమిడి, బరంపురం, గుణుపురం తెలుగువాళ్లు చెప్పండి

వంశధార_గట్టు (పర్లాకిమిడి):
అక్టోబరు దగ్గరపడుతోంది. 2013లో ఫైలిన్ 12న గోపాల్‌పూర్ దగ్గర, 2018లో తిత్లీ 11న పలాస దగ్గర తీరం దాటాయి. ఈసారి విరాళాల విజ్ఞప్తి ముందే రాసి పెట్టుకుందాం అంటున్నారు, మంచిదే. నాది ఒకటే మాట. సాయం తీసుకునేవాళ్ల ముఖం ఏ వీడియోలోనూ కనపడకూడదు. ఇల్లు కూలిన మనిషి చేతికి బియ్యం మూట ఇచ్చి, అది వదలకుండా పట్టుకుని కెమెరాకి దండం పెట్టమనడం ఏం పని? పెద్దల్ని కోల్పోయిన పిల్లల సంగతైతే చట్టమే ఒప్పుకోదు. 2015 బాలల న్యాయ చట్టం 74వ సెక్షను చూడండి. ఆరు నెలల దాకా జైలు గానీ, రెండు లక్షల దాకా జరిమానా గానీ, రెండూ గానీ పడతాయి.

బరంపురం_ఖాతా:
పిల్లల వరకు ఒప్పుకుంటాను. మిగతాది ఒప్పుకోను మాస్టారూ. ముఖం లేకపోతే డబ్బు రాదు. 2007లో పాల్ స్లోవిక్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త వాళ్లు పరీక్ష పెట్టి చూశారు. ఆఫ్రికాలో ఒక ఆకలి పాప సంగతి చెప్పి అడిగితే జనం ఎక్కువ ఇచ్చారు. లక్షలమంది లెక్క చెప్పి అడిగితే తక్కువ ఇచ్చారు. పాప పక్కన ఆ లెక్క కూడా పెడితే, పాపకిచ్చేదీ తగ్గింది. 2015 సెప్టెంబరులో సిరియా పసివాడు టర్కీ ఒడ్డున పడి ఉన్న ఫొటో వచ్చాక స్వీడన్ రెడ్‌క్రాస్‌కి రోజుకి అందే విరాళాల సంఖ్య ఆ వారంలో వంద రెట్లయింది. 1984లో కోరెం నుంచి బీబీసీ చూపించాకే ఇథియోపియా కరువు ప్రపంచానికి పట్టింది. మీ మాట వింటే మన ఖాతా ఖాళీగా ఉంటుంది.

వంశధార_గట్టు:
స్వీడన్‌లో ఆ విరాళాలు కొన్ని వారాలకే బాగా పడిపోయాయి. అదీ చెప్పు బాబూ. ముఖం తెచ్చిన డబ్బు ముఖం మరుపున పడగానే ఆగిపోతుంది, ఇల్లు నిలబెట్టడానికేమో ఏడాది పడుతుంది.

రుజువు కావాలంటే రుజువే చూపిద్దాం. సరుకు కొన్న బిల్లు, లారీ కాటా చీటీ, దింపేటప్పుడు తేదీ కనపడేలా ఒక ఫొటో. ముందురోజు సాయంత్రం రేషన్ కార్డుల ప్రకారం ఇంటింటికీ టోకెన్లు ఇవ్వాలి, మర్నాడు టోకెన్ తీసుకుని మస్టర్ కాగితం మీద వేలిముద్ర వేయించాలి. ఆ కాగితం ఫొటో పెట్టేముందు ఆధార్ నంబర్లు కప్పేయాలి. టోకెన్ లేకుండా బండి తలుపు తీస్తే బలమున్నవాడు మూడు మూటలు పట్టుకుపోతాడు, ముసలమ్మ ఉత్త చేతుల్తో వెళ్తుంది. మన వీడియోలో మాత్రం అంతా బాగానే కనిపిస్తుంది.

కాశీనగర్_లక్ష్మి:
టార్పాలిన్లు 18×12 అడుగులవి, 200 జీఎస్ఎం (చదరపు మీటరుకి 200 గ్రాముల బరువు) అని బిల్లు మీద రాయించండి. పల్చటి నల్ల పాలిథీన్ ఎండకి నెలలో చీలిపోతుంది. ఫొటోలో రెండూ ఒకేలా ఉంటాయి.

గుణుపురం_శ్రీను:
అమెరికా చుట్టాలకి పంపేముందు ఒక్క మాట. ఇండియా పాస్‌పోర్టు ఉన్నవాళ్లు తమ సొంత సంపాదన బ్యాంకు ద్వారా పంపితే ఇబ్బంది లేదు. అక్కడి పౌరసత్వం తీసుకున్నవాళ్లు ఇస్తే, మనవాళ్లే అయినా, అది విదేశీ విరాళం. ఎఫ్‌సీఆర్ఏ (విదేశీ విరాళాల చట్టం) రిజిస్ట్రేషన్ లేని సంఘం దాన్ని ముట్టుకోకూడదు. 2020 సవరణ తర్వాత రిజిస్ట్రేషన్ ఉన్న సంస్థ కూడా ఆ డబ్బు ఇంకో సంస్థకి పంచడానికి లేదు.

బరంపురం_ఖాతా:
మంచి మాట శ్రీనూ. ఇంకోటి, క్యూఆర్ బొమ్మ నాలుగు గ్రూపులు తిరిగేసరికి ఎవడో తనది అతికిస్తాడు. ‘స్కాన్ చేస్తే ఫలానా పేరు రావాలి’ అని బొమ్మ కిందే రాయాలి. విజ్ఞప్తికి గడువు తేదీ కూడా ఉండాలి, లేకపోతే నీళ్లు తగ్గి నెలైనా ‘అర్జెంటుగా మంచినీళ్లు’ అని తిరుగుతూనే ఉంటుంది.

మాస్టారూ, మీ కాటా చీటీ చూసి వంద రూపాయలైనా వేసేదెవరు?

వంశధార_గట్టు:
నీళ్ల మాట నువ్వే ఎత్తావు కాబట్టి చెప్తాను. మనిషికి రోజుకి కనీసం 15 లీటర్లు కావాలని స్ఫియర్ ప్రమాణాలు, అంటే విపత్తు సాయానికి ప్రపంచమంతా పాటించే కొలతలు, చెప్తున్నాయి. అయిదుగురున్న ఇంటికి 75 లీటర్లు. లీటరు సీసాలైతే రోజుకి 75. అదే 67 మిల్లీగ్రాముల క్లోరిన్ బిళ్ల ఒకటి 20 లీటర్ల తేటనీళ్లకి సరిపోతుంది, అంటే రోజుకి నాలుగు బిళ్లలు. నీళ్లు గుడ్డతో వడకట్టి, బిళ్ల వేసి, అరగంట ఆగితే చాలు. నాలుగు బిళ్లలు అరచేతిలో పడతాయి, వీడియోకి కనపడవు. సీసాల లారీ అయితే బ్రహ్మాండంగా కనపడుతుంది. అందుకే అందరూ సీసాలే పంపుతారు. ఏం కొనాలో కూడా కెమెరాయే చెప్తోంది బాబూ!

బరంపురం_ఖాతా:
ఇదంతా చుట్టూ తిప్పడం. మీ బాధ ముఖాలది కాదు, బిళ్లలదీ కాదు. పోయినసారి మీరిచ్చిన ఊళ్ల జాబితా పక్కన పెట్టారని మీ కోపం. అదేదో సూటిగా అనండి.

పాతబస్టాండు:
ఇద్దరూ కాస్త తగ్గండయ్యా.

వంశధార_గట్టు:
తగ్గను. అవును, ఆ జాబితాయే. అందులో ఉన్నవన్నీ కొండమీది సవర గూడేలు. ఒక్కదానికీ బండి వెళ్లలేదు. అక్కడి ముసలమ్మ తెలుగులో ఏడవలేదు కాబట్టి ఆమెకి వీడియో లేదు, వీడియో లేదు కాబట్టి మూట లేదు. తిత్లీకి గజపతి జిల్లా బరఘరలో కొండచరియ విరిగిపడి పదిమందికి పైగా పోయారు. ఉద్దానం కొబ్బరి, జీడితోటలు చూసినంతసేపు మన తెలుగు ఇళ్లలో దాన్ని ఎవరు చూశారు? నేను ముఖాలు తీసేయమంటున్నది ఇందుకే. ముఖం పోతే భాష పోతుంది, అప్పుడు అవసరం చూసి పంపుతాం.

బరంపురం_ఖాతా:
ఇప్పుడు అసలు మాట వచ్చింది. నా మాటా వినండి. ఆంధ్రా ఛానెల్ కెమెరా ఇచ్ఛాపురం దాటదు, భువనేశ్వర్ ఛానెల్ మన తెలుగు వీధుల్లోకి రాదు. కొండలకి ప్రభుత్వం ఉంది, పెద్ద సంస్థలున్నాయి. మన వీధులకి ఎవరున్నారు? తెలుగులో అడిగితే తెలుగువాళ్లు ఇచ్చిన డబ్బు అది. ‘ఆ వీడియోలో అవ్వకే ఇవ్వండి’ అని రాసి మరీ పంపారు. దాన్ని ఇంకో ఊరికి మళ్లిస్తే మాట తప్పినట్టే.

గుణుపురం_శ్రీను:
అలాగైతే అడిగేటప్పుడే ఊరి పేరు, మనిషి పేరు రాయకండి. ‘గంజాం, గజపతి, రాయగడ జిల్లాల్లో అవసరం ఎక్కువున్నచోట ఖర్చుపెడతాం’ అని విజ్ఞప్తిలో మొదటి వాక్యంగా పెట్టండి. అప్పుడు మాట తప్పడం ఉండదు.

బరంపురం_ఖాతా:
అలా రాస్తే సగం కూడా రాదు.

వంశధార_గట్టు:
సగమే రానీ. ఆ సగం ఎక్కడికి వెళ్లాలో మనం తేల్చుకోవచ్చు.

కాశీనగర్_లక్ష్మి:
అన్నా, మాస్టారూ, నాకు ఒకటి చెప్పండి. కొండ ఊళ్లకి పంపేమాటైతే మూట తీరు మార్చాలి. పది కిలోల బియ్యం, మిగతా సరుకు కలిపి 15 కిలోలవుతుంది. పికప్‌లో టన్నున్నర ఎక్కితే 100 మూటలు. కానీ బండి ఆగినచోటు నుంచి ఆడవాళ్లు తలమీద మోయాలి, 15 కిలోలతో తడి బాట ఎక్కలేరు. రెండు మూటలుగా కట్టాలి, ఉప్పు, అగ్గిపెట్టెలు విడిగా ప్లాస్టిక్ సంచిలో. ఏ ఊరికి బండి ఎక్కడిదాకా పోతుంది, అక్కడినుంచి నడక ఎంత? ఆ వివరం మీ జాబితాలో ఉందా మాస్టారూ?

వంశధార_గట్టు:
సగం ఊళ్లకే ఉందమ్మా. మిగతావి అక్కడి ఆశా కార్యకర్తల్ని అడిగి ఆదివారం లోపు ఇక్కడే పెడతాను.

బరంపురం_ఖాతా:
పెట్టండి, చూస్తాను. వీధుల జాబితా నేనూ పెడతాను.